మిషన్ చప్పుడులో ప్రార్థన

పోయిన శుక్రవారం పొద్దున దవాఖానా నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ పోయిండు బిడ్డా" అన్నది.

మా చర్చి సంఘంలో అందరూ మామను మాట తక్కువ మనిషి అనే అనుకునేవారు. ఆదివారం ప్రార్థన చేయమంటే లేచి, "స్తోత్రం" అని మళ్లీ కూర్చునేవారు. నిజానికి ఆయన రోజంతా యేసయ్యతో మాట్లాడే మనిషి.

నేను ఉప్పల్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో లెక్కలు రాస్తాను. పెళ్లైన కొత్తలో పని మీద నాచారంలో మామ పనిచేసే షెడ్డుకు వెళ్లాను. రేకులు వంచే ప్రెస్సు మిషన్ల చప్పుడుకు అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మామ మాత్రం గొంతెత్తి మాట్లాడుతున్నారు. ఆయన వెనక్కి వెళ్లి నిలబడితే వినపడింది.

"యేసయ్యా, చెయ్యి లోపలికి పోతాంది, జర సూస్కో. పొద్దున ఇంటిదాంతోటి లొల్లి పెట్టుకున్న. నాదే తప్పు. సాయంత్రం ఎట్ల మాట్లాడాల్నో నువ్వే జెప్పు."

"ఎవరితో మామా?" అన్నాను.

"ఎవరితో ఏంది? పొద్దటి సంది ఈడనే ఉన్నడు" అని నవ్వారు. "మాట్లాడకపోతే ఆయన అలగడు బిడ్డా. నాకే తోచది."

రిటైరయ్యాక ఆయన, అత్త మా ఇంటికి వచ్చారు. మాది రెండు గదుల ఇల్లు. అలవాటు కొద్దీ ఆయన యేసయ్యతో గట్టిగానే మాట్లాడేవారు. పిల్లలకు పరీక్షలు. నా భార్య, "నాయినా, జర మెల్లగ. పక్కింటోళ్లు ఏమనుకుంటరు?" అన్నది. నేనూ తలూపాను. ఆ రోజు నుంచి ఆయన మెల్లగా కాదు, అసలే మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో మిక్సీ మోగుతున్నది. అత్త కేకేసింది. "పప్పు లేదు, పిండి లేదు, ఉత్త మిక్సీ తిప్పుతున్నవేంది? కాలిపోతది!"

మామ సిగ్గుపడి ఆపేశారు. సాయంత్రం మేడ మీద నాతో అన్నారు. "సప్పుడుల అలవాటైన నోరు బిడ్డా. ఇంత నిమ్మలంల మాట్లాడితే నా మాట నాకే నాటకం లెక్క అనిపిస్తాంది. ఆయన యాడికో పోయినట్టున్నది."

"అట్లేం లేదు మామా" అన్నాను. రోజూ నాచారం రోడ్డు మీద, లారీల మధ్య బండి నడుపుతాను. మామను వెనక ఎక్కించుకుని పోయి ఉంటే, ఆ మోతలో ఆయన ఎంతసేపైనా మాట్లాడుకునేవారు. ఆ చిన్న సంగతి నాకిప్పుడు తోస్తున్నది.

ఆఖరి వారం దవాఖానా గది చాలా నిశ్శబ్దంగా ఉండేది. గురువారం సాయంత్రం నేను లోపలికి వెళ్లేసరికి అత్త అడుగుతున్నది. "పాస్టర్ గారిని పిలిపించాల్నా? వచ్చి ప్రార్థన జేస్తరు."

మామ తల అడ్డంగా ఊపారు. "వచ్చిండు గదనే" అన్నారు. కాళ్లు కొంచెం పక్కకు జరుపుకుని, మంచం అంచున చోటు చేశారు.

నాకోసమే అనుకుని వెళ్లి కూర్చున్నాను. ఆయన నన్ను చూసి చిన్నగా నవ్వి కాళ్లను ఇంకాస్త లోపలికి ముడుచుకున్నారు, నా పక్కన మరొకరు కూర్చోవడానికి సరిపడా.