తోక బరువు

అతన్ని అందరూ పైలట్ అనేవారు. ఎగతాళిగా మొదలైన పేరు, వాడగా వాడగా మామూలైపోయింది. అతను చేసేది లిఫ్టుల రిపేరు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి, లోపలివాళ్ళు తలుపు బాదుతుంటే, వాచ్‌మన్ ఫోన్ చేసి "పైలట్ గారూ, మళ్ళీ ఆగిపోయిందండీ" అనేవాడు. ఆ పేరు వెనక సంగతి వాచ్‌మన్‌కి తెలియదు. జనాన్ని పైకి తీసుకెళ్ళే పని కాబట్టి అలా పిలుస్తారనుకునేవాడు.

అసలు సంగతేమిటంటే, మూతపడిన కలప డిపో వెనక ఒక రేకుల షెడ్డులో అతను విమానం కట్టుకుంటున్నాడు. ఒక్క మనిషి కూర్చునే విమానం. విడిభాగాలు తెప్పించి బిగించుకునే రకం కాదు, ఎవరో గీసిచ్చిన ప్లానూ కాదు. మొదటి గీత నుంచి అంతా సొంతం. కూతురు బళ్ళో చేరిన ఏడాది మొదలుపెట్టాడు. ఆ పిల్ల చదువు ముగించి ఉద్యోగంలో చేరింది, విమానం మాత్రం ఇంకా షెడ్డులోనే ఉంది.

ఎగరడం రాకుండానే కట్టేస్తున్నాడనుకోవద్దు. పక్క ఊరి ఫ్లయింగ్ క్లబ్బులో సెలవు రోజుల్లో నేర్చుకున్నాడు. ఒంటరిగా లేపి, తిప్పి, దించేదాకా వచ్చాడు. కానీ అక్కడి విమానాలు ఎవరో లెక్కకట్టి, ఎవరో ఎగరేసి చూసి, బాగుందన్నాక చేసినవి. దీన్ని ముందుగా ఎగరేసి చూసినవాడు ఎవడూ లేడు. మొదటివాడు తనే కావాలి.

"ఇంకెన్నాళ్ళండీ?" అని భార్య మొదట్లో అడిగేది. తర్వాత మానేసింది. మానేసిన తర్వాతే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఆమె కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టే మనిషి. రెక్కలకి గుడ్డ తొడిగింది ఆమే. లోపలున్న చెక్క బద్దలకి గుడ్డని అంటిపెట్టి, పొడుగాటి సూదితో పైనుంచి కిందికి పొడిస్తే, అతను రెక్క కింద పడుకుని సూది అందుకుని మళ్ళీ పైకి పంపేవాడు. అలా వారాల తరబడి సాగింది.

"పెళ్ళయ్యాక మనిద్దరం కలిసి ఇంతసేపు ఒక పని చేసింది ఇదేనండీ," అందామె ఒకరోజు పైనుంచి.

"మాట్లాడకు, కుట్టు తప్పుతుంది," అన్నాడు కిందనుంచి.

అలా అనకుండా ఉండాల్సిందని అతనికి వెంటనే అనిపించింది. కానీ అప్పటికే ఆమె తర్వాతి ముడిలో ఉంది.

ఇనుప పని బావమరిదిది. గేట్లూ కిటికీ ఊచలూ చేసే వెల్డరు. నోరు ఊరుకోదు. "బావా, నేను వేసిన అతుకులు చూశావా? ఇది కిందపడితే దెబ్బ తగిలేది నేలకే," అనేవాడు. అతని అక్క ఆ మాటకి ఒక్కసారి కూడా నవ్వలేదు.

తప్పు ఆ అతుకుల్లో లేదు. పైలట్ చేతుల అలవాటులో ఉంది. లిఫ్టు పనిలో ఒక్క తాడు మోసేచోట నాలుగు తాళ్ళు వేస్తారు. అనుమానం వస్తే ఇంకొకటి వెయ్యాలి, అతను నేర్చుకున్న విద్య అదే. బరువు పెరుగుతుందన్న బెంగ ఉండదు. లిఫ్టు పెట్టెకి రెండో పక్కన ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి. ఇటు బరువు పెరిగితే అటు ఒక దిమ్మె ఎక్కిస్తారు, రెండూ సరితూగుతాయి, మోటారు హాయిగా లాగుతుంది. ముప్పయ్యేళ్ళుగా చేతులకి తెలిసిన ఆ ధైర్యమే విమానంలోకీ వచ్చింది. తోక గాలికి అదురుతుందేమోనని ఒక గొట్టం అదనంగా వేశాడు. ఆ గొట్టం అతుకు దగ్గర విరుగుతుందేమోనని ఒక పట్టీ చుట్టాడు. తోక చక్రం ఊడుతుందేమోనని బోల్టులు రెట్టింపు చేశాడు. భయం వేసినప్పుడల్లా ఇంత ఇనుము వేశాడు. ఆ భయమేమో ఎప్పుడూ తోక గురించే వేసేది. ఎందుకంటే సీట్లో కూర్చుంటే కనబడనిది అదొక్కటే.

చివరికి ఒక ఆదివారం పెద్దాయన వచ్చాడు. విమానాల తనిఖీ పనిలో ఉండి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఎవరు సొంతంగా ఏది కట్టుకున్నా మొదటిసారి లేపేముందు ఆయన్నే పిలుస్తారు. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టించి, పైలట్‌ని సీట్లో కూర్చోబెట్టి, అంకెలు వేసుకుని, మళ్ళీ వేసుకుని, కళ్ళజోడు తీశాడు.

"ఏమయ్యా, వెనక ఏం దాచావు?"

"మా అక్క నగలేమోనండీ, ఇంట్లో ఎక్కడా కనబడటం లేదు," అన్నాడు బావమరిది.

పెద్దాయన నవ్వలేదు. "తూకం బాగా వెనక్కి పోయింది. నేల వదిలిందంటే ముక్కు పైకి లేస్తుంది. నువ్వు ఎంత నొక్కినా దిగదు. అలా లేచి లేచి, వేగం చచ్చి, పడుతుంది. మనిషి పోవడానికి పెద్ద ఎత్తు కూడా అక్కర్లేదు. రెండు మేడల ఎత్తు చాలు."

గుమ్మం దగ్గర టీ ఫ్లాస్కుతో నిలబడ్డ భార్య ఆ మాట విన్నది. కప్పుల్లో పోస్తున్న టీ ఆపలేదు.

"ముక్కు వైపు సీసం దిమ్మెలు బిగిస్తాను సార్," అన్నాడు పైలట్. "సరితూగిపోతుంది."

"తూగుతుంది. కానీ ఇది లిఫ్టు కాదు. అక్కడ నీ దిమ్మెల్ని మోయడానికి పైన దూలం ఉంటుంది. ఇక్కడ దూలమేదీ? నీ ఇనుమూ, ఆ ఇనుముకి జవాబుగా పెట్టిన సీసమూ, మధ్యలో నువ్వూ, అన్నిటినీ ఈ రెండు రెక్కలే మోయాలి. నా మాట విను. తోక విప్పి పల్చగా మళ్ళీ కట్టు."

"మళ్ళీయా?"

ఆగిన లిఫ్టుల కోసం మెట్లెక్కి ఎక్కి అతని మోకాళ్ళు అరిగాయి. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. మళ్ళీ కట్టాలంటే ఈసారి ఎవరు ముందు అయిపోతారో, తనో అదో, అతనికి తెలియదు.

"ఒక్కసారి సార్. ఒక్కసారి లేపి దించేస్తాను. ఆ తర్వాత మీరేం చెప్తే అది."

పెద్దాయన టీ కప్పు కింద పెట్టాడు. "ఒక్కసారి అన్నవాళ్ళ ఇళ్ళకి నేను చాలాసార్లు వెళ్ళానయ్యా, పలకరించడానికి," అన్నాడు. "సరే. సీసం పెట్టు. రన్‌వే మీద పరుగు తీయి. సున్నంతో అడ్డంగా ఒక గీత గీస్తాను. చక్రాలు గీతకి ముందే నేల వదిలితే నీ అదృష్టం. వదలకపోతే ఇంజిన్ కట్టేయాలి. గీత దాటాక ఆపుదామంటే స్థలం ఉండదు, అవతల క్వారీ గొయ్యి. గీత దగ్గర ఒక మనిషి ఎర్రబట్ట పట్టుకుని నిలబడాలి. పరుగులో ఉన్నవాడికి నేలమీద గీత ఆఖరిదాకా కంటికి ఆనదు."

"నేను నిలబడతాను," అంది భార్య.

"నీకెందుకు?" అన్నాడు పైలట్.

"నాకు కాక ఇంకెవరికి?" అంది. తమ్ముడు ఆ రోజు ఆ తర్వాత జోకులేం వేయలేదు.

ఆ రన్‌వే ఒకప్పుడు పొలాలకి మందు చల్లే విమానాలది. ఇప్పుడు కార్లు నేర్చుకునేవాళ్ళది. రెక్కలు ఊడదీసి లారీ మీద తెచ్చి, అక్కడే బిగించారు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు కార్లు ఓ పక్కకి తీసి, చెట్టుకింద నిలబడి చూస్తున్నారు. పెద్దాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని రన్‌వే మొదట్లో నిలబడ్డాడు. బావమరిది చక్రాల కింద అడ్డుచెక్కలు లాగాడు. భార్య, సోఫా కవర్లు కుట్టగా మిగిలిన ఎర్రబట్ట భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళింది.

పాత కారు ఇంజిన్ అది. మూడోసారికి అందుకుంది. పైలట్ థ్రాటిల్ మొత్తం తోశాడు.

విమానం కదిలింది. కదిలిందంటే కదిలింది, అంతే. నిండు గర్భిణిలా ఆచితూచి నాలుగు అడుగులు వేసి, తర్వాత పరుగు అందుకుంది. అతను మోకాళ్ళ మధ్యనున్న కంట్రోల్ కర్రని ముందుకి తోశాడు. తోక లేచింది. అతని గుండె కూడా లేచింది. సీసం పనిచేసింది, తూకం కుదిరింది! ఎదురుగా నేల కనబడింది, నేలమీద ఆ చివర ఎర్రబట్ట కనబడింది. చక్రాలు గతుకుల మీద దడదడలాడుతున్నాయి. ఆ దడ తగ్గాలి. తగ్గితే రెక్కలు మోస్తున్నట్టు. తగ్గడం లేదు. కొంచెం తగ్గినట్టుంది. లేదు. ఎర్రబట్ట పెద్దదవుతోంది. ఆమె దాన్ని రెండు చేతులతో తలమీదికి ఎత్తి పట్టుకుంది.

అప్పుడు అతనికి గీత కనబడింది. తెల్లగా, అడ్డంగా, ఆమెకి చాలా అవతల.

ఆమె గీత దగ్గర లేదు. దారిలోనే ఆగిపోయి నిలబడింది. ఇంకా రన్‌వే ఉంది. చక్రాల దడ నిజంగానే పల్చబడుతోంది. ఇంకాస్త ఆగితే, గీత వచ్చేసరికి, ఏమో. ఆమె చేసిన పని అతనికి అర్థమైంది. అర్థమైనా కోపం రాలేదు. చెయ్యి తనంతట తనే థ్రాటిల్ని వెనక్కి లాగింది. తోక దిగింది, బ్రేకులు కీచుమన్నాయి, విమానం ఆమె పక్కనుంచి దూసుకుపోయి, సున్నం గీత మీద చక్రాలు పెట్టి ఆగింది. ఇంజిన్ కట్టేశాడు.

దిగలేదు. అలాగే కూర్చున్నాడు. ఆమె నడిచి వచ్చి రెక్క మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయాసపడుతోంది.

"గీత ఇక్కడుంది," అన్నాడు.

"కనబడుతోంది."

"మరి అక్కడెందుకు నిలబడ్డావు?"

"కాళ్ళు లాగాయి. ఇంతదూరం రాలేకపోయాను."

"ఇంకాస్త ఉంటే లేచేదేమో."

"లేచేదేమో." ఆమె చేతిలోని బట్టని మడత పెట్టింది, విప్పి మళ్ళీ మడత పెట్టింది. "మీకు గీత కనబడింది కదా. మరి మీరెందుకాపారు?"

అతను హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జుట్టంతా చెమటకి అంటుకుపోయి ఉంది.

"అలిసిపోయానే," అన్నాడు.

అటునుంచి బావమరిది పరుగెత్తుకొస్తున్నాడు, వెనక పెద్దాయన తన నడకన తను వస్తున్నాడు. దగ్గరికొచ్చి పెద్దాయన చక్రాల కింది గీతని చూశాడు, ఆమెని చూశాడు, ఆమె నిలబడ్డ చోటువైపు తిరిగి చూశాడు.

"ముందే కట్టేశావేం?"

"ఇంజిన్ తేడాగా మోగింది సార్."

"నాకు బాగానే వినబడిందే."

"లోపల కూర్చుంటే వేరుగా వినబడుతుంది సార్."

పెద్దాయన సరేనన్నట్టు తలాడించాడు. అంతకంటే తవ్వలేదు. "అయితే ఇంజిన్ చూసుకో. వచ్చేవారం మళ్ళీ వస్తాను."

"వద్దు సార్," అన్నాడు పైలట్. "తోక విప్పుతాను."

"విప్పడం కాదు బావా, నా అతుకులు, కోయాలి," అన్నాడు బావమరిది. గొంతులో గర్వమూ లేదు, వేళాకోళమూ లేదు.

"కొయ్యి."

"మళ్ళీ కడతావా మరి?"

పైలట్ భార్యవైపు చూశాడు. ఆమె రెక్క అంచున ఒకచోట వేలితో రాస్తోంది. అక్కడ గుడ్డ కొంచెం వదులైనట్టుంది.

"ముందు కొయ్యి," అన్నాడు. "కట్టే సంగతి అడక్కు ఇప్పుడు."

లారీ దాకా నెట్టాలి. అనవసరంగా ఆ సీసం ఎందుకు మోస్తారని పెద్దాయన ముందు దాన్ని విప్పించాడు. ఒక్కో దిమ్మెని ఎర్రబట్ట మీద పెట్టారు. విమానాన్ని వెనక్కి తిప్పడానికి పైలట్ తోక కిందికి వంగి రెండు చేతులూ వేశాడు. రాలేదు. బావమరిది వచ్చి ఇటుపక్క పట్టుకున్నాడు. కాస్త కదిలింది. ఆమె కొంగు నడుముకి దోపుకుని అటుపక్కకి వచ్చింది. ముగ్గురూ పడితే గానీ తోక నేల వదల్లేదు.