వాయించేవాళ్ళే మోయాలన్నారు

నాలుగుసార్లు అడిగాను. రెండుసార్లు మా డోళ్ళ బృందం వాట్సాప్ గ్రూపులో, రెండుసార్లు ఎదురుగా నిలబడి. మెసేజీలు చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. ఒకరు దండం బొమ్మ పెట్టారు. దండం జవాబు కాదు. అందుకే మొదటి నుంచీ చెబుతున్నాను.

కరోనా ఆంక్షలు సడలిన కొత్తలో, దుబాయ్ అల్ కుసైస్‌లో నేను పనిచేసే టైర్ల షాపుకు ఒక జపాన్ ఆవిడ వచ్చింది. అరిగిన టైర్లు కావాలంది. తైకో అనే వాళ్ళ దేశపు డోళ్ళు నేర్పుతుందట. డోళ్ళు ఇంకా లేవు కాబట్టి టైర్లకు ప్యాకింగ్ టేపు బిగించి వాటి మీదే సాధన. వెనక గోడౌన్ దాకా టైర్లు నేనే దొర్లించుకుపోయాను. అక్కడ ఆవిడ రెండు కర్రలు నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఒక్క సాధనా మానలేదు.

మా గదిలో ఉండే కరీంనగర్ తమ్ముడు నవ్వేవాడు. "దినమంత టైర్లు మార్చుడు, సెలవునాడు గా టైర్లనే కొట్టుడు. నీకేమైందే అన్నా?"

అసలు డోళ్ళు వచ్చాక ఆవిడ ఒక కట్టుబాటు పెట్టింది. తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, "జో బజాయేగా, వహీ ఉఠాయేగా" అంది. వాయించేవాళ్ళే మోయాలి. డోలును పనివాళ్ళకు అప్పగించి చేతులు దులుపుకోకూడదు. అన్నీ దించేదాకా ఎవరూ కూర్చోకూడదు. అప్పట్లో మేం గుప్పెడుమందిమి. అందరం మోశాం.

మాస్కులు పోయాక జనం పెరిగారు. ఆఫీసుల వాళ్ళు, ఆసుపత్రి నర్సులు, బర్ దుబాయ్ బట్టల షాపుల వాళ్ళు. సంతోషించాను. ఇక్కడి సర్కారు వారపు సెలవులను శని, ఆదివారాలకు మార్చగానే సాధన శుక్రవారం నుంచి శనివారానికి జరిగింది. నన్నెవరూ అడగలేదు. షాపులో శనివారం నాకు డ్యూటీ. షాపులోనే పనిచేసే నెల్లూరు సాయిబు ఒకాయన్ను బతిమాలి మార్చుకున్నాను. అదీ గుర్తుంది.

ఇక మొన్న ప్రదర్శన జరిగిన ఆ హాలు సంగతి. చివరి పాటకు పెద్ద డోలు నాదని ఆవిడే చెప్పింది. నేను వ్యానుతో ముందే వెళ్ళాను. చెమట పట్టకూడదని, వాయించేటప్పుడు తొడిగే నీలం కోటు కవర్లో పెట్టుకుని, పాత చొక్కాతో డోళ్ళు దించుతున్నాను. కొత్తవాళ్ళెవరూ ఇంకా రాలేదు. జనం పెరిగాక వేసిన కమిటీలో చేరిన గుంటూరాయన వెనక గుమ్మం దగ్గర చేతి పట్టీలు పంచుతున్నాడు. కళాకారులకు ఎరుపు, సామాను మోసేవాళ్ళకు పసుపు. నా చేతికి పసుపు చుట్టాడు.

"నేను వాయించేవాణ్ణండీ" అన్నాను. కోటు తీసి చూపించాను.

"ఎరుపువి అయిపోయినయ్ అన్నా. నీ చోటు ఇంకొకరికి ఇచ్చేశాం. ఈసారికి సర్దుకో, ఖలాస్."

అయినా కోటు తొడుక్కుని వేదిక మెట్ల దాకా వెళ్ళాను. సెక్యూరిటీ అతను ముఖం చూడలేదు, పట్టీ చూశాడు. పక్కకు నిలబెట్టాడు. నేను మోసి నిలబెట్టిన పెద్ద డోలును, నిన్నగాక మొన్న చేరిన బ్యాంకాయన వాయిస్తుంటే తెర వెనక నుంచి విన్నాను. బాగానే వాయించాడు. అది వేరే సంగతి. మోయాల్సిన వేళకు రాని మనిషికి ఎరుపు, మోసిన మనిషికి పసుపు. కట్టుబాటు పాటించినందుకే నేను కూలివాడిలా కనబడ్డానా?

జపాన్ ఆవిడను అడిగితే తల వంచి, ఇప్పుడన్నీ కమిటీ చూస్తోందంది. కమిటీని అడిగితే ఆవిడదే నిర్ణయమన్నారు.

వచ్చే ప్రదర్శన ఖోర్ ఫక్కాన్‌లో, సముద్రం ఒడ్డున. ఆ పొద్దున కూడా వస్తాను. వ్యాను తలుపు దగ్గర నిలబడతాను. పెద్ద డోలు మీద మాత్రం చెయ్యి వెయ్యను, ఎవరో ఒకరు నా ముఖం చూసి చెప్పేదాకా. నేను వాయించేవాణ్ణా, మోసేవాణ్ణా? దండం బొమ్మలు వద్దు. నోటితో చెప్పండి.