చదవకుండా కప్పిన శాలువా

పాతపట్నం నుంచి వచ్చే చిన్న వారపత్రికలో నేను సవర భాషలో వ్యంగ్యం రాస్తాను. అక్షరాలు తెలుగువే, మాట మాది. మా కొండ మీద చదువొచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపిస్తారు. ఆఫీసుల్లో మాత్రం ఒక్కడికీ అర్థం కాదు. అదే నాకు రక్షణ అని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఎంత తెలివితక్కువవాణ్ణో!

మా గూడెంలో నీళ్ల ట్యాంకు కట్టారు. నీలం రంగు వేశారు, అధికారి వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. పైపు మాత్రం వేయలేదు. మా ఆడవాళ్లు బిందెలతో వాగుకి దిగి ఎక్కుతూనే ఉన్నారు. ఒళ్లు మండి, మా మేకల తరఫున ఆయనకి కృతజ్ఞతలు రాశాను. ఎండల్లో ఇంత చల్లటి నీడ కట్టించిన మహానుభావులు మీరు, మీకు బదిలీ అయితే మేత మానేస్తాం అని, కింద మేకల సంతకాలు పెట్టి. పక్కన పత్రికవాళ్లు ట్యాంకు ఫొటో వేశారు.

పది రోజులకి ఆఫీసు నుంచి కబురొచ్చింది, భాషని బతికిస్తున్నందుకు సన్మానమట. వెళ్తే వేదిక మీద ఆ అధికారే! వెనక బ్యానర్ మీద నా వ్యాసమే! ట్యాంకు ఫొటో చూసి పొగిడాననుకున్నారు. ఒక్కడైనా, ఇదేం రాశావని అడగలేదు. ఆయన నాకు శాలువా కప్పుతుంటే మావాళ్లు పకపకా నవ్వారు. సంతోషమనుకుని ఆయన చేతులు జోడించాడు. నాకు నవ్వు రాలేదు. నా కోపాన్ని అలంకారానికి వాడుకున్నారు.

ముందు వరసలో మా పిన్ని ఉంది. నీళ్లు మోసి మోసి మెడ పట్టేసిన మనిషి. అందరికీ వినపడేలా తెలుగులోనే అడిగింది.

"ఒరే, నువ్వు రాసింది ఆ బాబుకి తెలిసినాదేటి? ఆళ్లకి తెలీని బాసలో తిడితే నీళ్లొస్తాయేటిరా?"

ఆ మాట నాకే తగిలింది. మైకు అందుకుని మొత్తం తెలుగులో చెప్పాను, మేకల సంతకాలతో సహా.

అధికారి నవ్వు చెదరలేదు. ఫొటో కోసం నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"ఇలాంటివి మీ భాషలోనే అందంగా ఉంటాయి బాబూ. తెలుగులో రాయకు."

ఆ వారం నుంచి రెండు భాషల్లోనూ రాస్తున్నాను.