బొట్టు పెట్టేముందు

మా పక్కింటి బాబాయిగారు పోయారు. ఆసుపత్రి నుంచి ఆయన కోడలు ఫోన్ చేసేసరికి నేను గుమ్మంలో కొత్త ల్యాప్‌టాప్ డబ్బా అందుకుంటున్నాను. ముందురోజు చూడబోతే నీరసంగానే అన్నారు, "డబ్బ ఒస్తే ఇప్పకు బిడ్డా. నేనొచ్చి సూస్త."

మేము గుంటూరు నుంచి వచ్చి మేడ్చల్‌లో స్థిరపడ్డాం. ఆయన ఇక్కడే పుట్టిన మనిషి. జీడిమెట్లలో నీటి పంపులు తయారుచేసేచోట ముప్పై ఏళ్లు తనిఖీ పని చేశారు. బాగున్న పంపు మీద సుద్దముక్కతో టిక్కు పెట్టడం, లేనిదాన్ని పక్కకు తీయించడం, అదే ఆయన ఉద్యోగం.

ఇంటి నుంచి చేసే పని దొరికి మూడేళ్ల కిందట మొదటి ల్యాప్‌టాప్ కొన్నాను. ఆన్ చేయకముందే దేవుడి ముందు పెట్టి, బొట్లు పెట్టి, అక్షింతలు వేసి హారతిచ్చాను. మర్నాటికి తెరనిండా నిలువు గీతలు. సర్వీస్ సెంటర్ మనిషి మీటల సందులోంచి ఒక పసుపు బియ్యపు గింజ తీసి బల్లమీద పెట్టాడు. "వాడిన వస్తువు మేడమ్, వాపసు కుదరదు" అన్నాడు. రెండుసార్లు ఒంటరిగా తిరిగి విసిగిపోయాను. మూడోసారి బాబాయిగారు తోడొచ్చారు.

"గా గింజ తెరలకెట్ల వోయింది సారూ? తయారుజేసినోడు సూడడు, అమ్మెటోడు సూడడు, కొన్నోళ్లే సూడాల్నా?"

అయినా ల్యాప్‌టాప్ మారలేదు. ఆ గీతల మధ్యనుంచే ఇన్నాళ్లూ పనిచేశాను.

అప్పటినుంచి కాలనీలో ఎవరు కంప్యూటర్ కొన్నా డబ్బా ఆయన ముందే విప్పేవారు. "నాకు కంప్యూటర్ రాదు, సూసుడొస్తది" అనేవారు. మూత పదిసార్లు తెరిచి మూసేవారు. ప్రతి మీటా నొక్కించేవారు. చివర తెరంతా తెల్లగా పెట్టించి, కుర్చీ దగ్గరకు లాక్కుని, ఒక కన్ను మూసి చూసేవారు, తర్వాత రెండోది. ఆయన కుడికంట్లో శుక్లం. మచ్చ కనిపిస్తే నన్ను పిలిచేవారు. "సూడు బిడ్డా, గిది నా కంట్ల ఉన్నదా, దాంట్ల ఉన్నదా?" అన్నీ సరిగ్గా ఉంటేనే, "ఇగ బొట్టు వెట్టు" అనేవారు.

కొత్తవాటిలో ఎన్ని తప్పులో! ఒకదానికి ఛార్జర్ దూరదు, ఇంకొకటి దానంతటదే ఆగిపోతుంది. ఈ మధ్య ఆయనా అలసిపోయారు. "ఇగ నాతోని గాదు బిడ్డా, ఎన్ని సూసినా ఇవి ఒడ్వయి" అని, మళ్లీ కళ్లద్దాలు తుడుచుకునేవారు. ఆ ఓపికకు నేనెప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఇప్పుడు అదే బాధ.

ఈ కొత్తదానికి వాపసు గడువు పదిరోజులు. పాతది పూర్తిగా మూలపడింది, పెట్టిన సెలవూ అయిపోవస్తోంది, ఇది పనిచేయకపోతే నా ఉద్యోగం పోతుంది. అయినా ఆయన లేకుండా డబ్బా ముట్టబుద్ధి కాలేదు. ఆఖరి రోజున విప్పాను. మూత పదిసార్లు తెరిచి మూశాను. మీటలన్నీ నొక్కాను. తెర తెల్లగా పెట్టి కుడికన్ను మూశాను. కింద మూలన నల్లటి చుక్క. ఎడమకన్ను మూసినా అక్కడే ఉంది.

కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే అడిగింది, "ఆ చుక్క మీకే కనిపిస్తోందా మేడమ్? ఇంకెవరికైనా చూపించారా?"

ఎదురుగా తెర తెల్లగా వెలుగుతోంది. పక్కన మూత తీయని కుంకుమ భరిణె. ఆయన కోసం అలవాటుగా నేనే లాగి వేసిన కుర్చీ.