కాచని డప్పు

వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీ మాస్టారొకాయన కొల్లేటి ఒడ్డున మా ఊరికి వచ్చి, నా డప్పుకూ తన లాప్‌టాప్‌కూ కలిపి సంగీతం కట్టానన్నాడు. అప్పట్లో మా వైపు లాప్‌టాప్ చూసినవాళ్ళే తక్కువ. నేను కొడితే మైకు పట్టుకుంటుందట. కంప్యూటరు ఆ దెబ్బను అక్కడికక్కడే మెలిపెట్టి, సాగదీసి, స్పీకర్లలోంచి తిరిగి పంపుతుందట. నలభై ఏళ్ళుగా నా చేతిలో పలుకుతున్న తోలుకు ఈ పెట్టె నేర్పేదేమిటో నాకు అర్థం కాలేదు. అయినా ఒప్పుకున్నాను. పిలిచిన చోట కొట్టడం నా పని.

నా వంతంతా గళ్ళు గీసి తెలుగులో రాసిచ్చాడు. యాభై దాటాక చర్చి వరండాలో అక్షరాలు దిద్దినవాణ్ణి, కూడబలుక్కుని చదివాను. 'మూడు దెబ్బలు', 'ఆగాలి', 'చాలాసేపు ఆగాలి'. ఎంత వెతికినా 'కాచాలి' అన్న మాట లేదు.

"వానాకాలమండీ. మంట మీద కాచకపోతే తోలు వదులైపోద్ది" అన్నాను.

"ఏసీ హాల్లో మంటేంటండీ బాబాయ్‌గారూ! వదులైనా పర్లేదండీ, నేను కంప్యూటర్లో బిగించేస్తాను."

బిగిస్తాడట! వదులు డప్పు కొట్టాడని ఇంతవరకూ నన్ను ఎవడూ అనలేదు. అనిపించుకోకుండానే పోవాలని నా పట్టుదల. కచేరీ రోజు కాలేజీ హాల్లో చూస్తే మా డప్పుల మేళం వాళ్ళందరూ ఆటో ఎక్కి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

మొదటి దెబ్బ వేశాను. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు బొద్దుమంది. నేనైతే సిగ్గుపడి అక్కడితో ఊరుకునేవాణ్ణి. కంప్యూటరు ఊరుకోదే! ఆ చచ్చు దెబ్బనే ఇరవైసార్లు, ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా, హాలంతా తిప్పింది. ముందు వరస పెద్దమనుషులు కళ్ళు మూసుకుని తలలూపారు. వెనకనుంచి నా మేనల్లుడు, "మావయ్యా, బస్తాలు దులుపుతున్నావేంటి?" అని అరిచాడు. ఆ హాలులో చెవులున్నవాడు వాడొక్కడే.

'చాలాసేపు ఆగాలి' గడి రాగానే లేచి పక్క తలుపులోంచి బయటపడ్డాను. క్యాంటీను వెనక చూరు కింద, ఎప్పుడూ సంచిలో ఉంచుకునే ఎండుగడ్డి వెలిగించి, డప్పు తిప్పి తిప్పి కాచాను. వేలితో కొడితే ఖంగుమంది. తిరిగొచ్చేసరికి కంప్యూటరు ఇంకా నా పాత బొద్దునే నములుతోంది. నేను లేని సంగతి మాస్టారుకు తప్ప ఎవరికీ పట్టలేదు. అదీ ఆ సంగీతం గొప్ప!

కొట్టాను. తలలూపేవాళ్ళు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. స్పీకర్లు కీచుమన్నాయి. మాస్టారు గబగబా మీటలు తగ్గించాడు. మేనల్లుడు ఈలేశాడు.

అయ్యాక మాస్టారు కాగితం పట్టుకొచ్చాడు. "మీరు బయటికెళ్ళడం ఇందులో లేదండీ."

"లేకపోతే రాయండి. మీ పెట్టె బిగించిందా?"

"లేదండీ" అన్నాడు నేల చూస్తూ. "వదులు దెబ్బ వదులుగానే వచ్చిందండీ."

కలం లాక్కుని, 'చాలాసేపు ఆగాలి' గడిలో నేనే 'కాచాలి' అని రాశాను. గడి చాలక పక్కదాంట్లోకి పోయింది.

తర్వాత తాడేపల్లిగూడెంలో అదే మళ్ళీ వాయించాం. ఆ రోజూ వానే. నా పక్కన గొడుగు పట్టుకుని, పొగకు దగ్గుతూ, గడ్డి అందించింది మాస్టారే.