తొండి సారు

ఆ ఫిజియోథెరపిస్టుకు ఆటలో తొండి చేయందే తిన్నది అరగదు. పెద్దవాళ్ల దగ్గర ఎంతో మర్యాదస్తుడు. పిల్లలతో పోటీకి దిగాడో, సిగ్గూ శరమూ గూట్లో పెట్టి మరీ దిగుతాడు. ఆయన దగ్గరికి వ్యాయామాలకు వచ్చే పిల్లలంతా మొహం మీదే ఆయన్ని తొండి సారు అంటారు.

చిట్టి వాళ్లమ్మకు మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. చిట్టికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. బెంచీ మీంచి ఎవరి సాయమూ లేకుండా లేచి వాకర్ పట్టుకోగలిగితేనే బడిలో చేర్చుకుంటామన్నారు. బడి తెరిచే రోజు దగ్గరపడుతున్న కొద్దీ తల్లి రోజులు లెక్కపెడుతోంది. ఈయనేమో పసిపిల్లతో పందేలు వేస్తూ కూర్చున్నాడు.

మూడు లెక్కపెట్టాక ఎదురెదురు బెంచీల మీంచి ఎవరు ముందు లేస్తే వాళ్లది గెలుపు. మూడు అనక ముందే ఆయన లేచి నిలబడేవాడు. రబ్బరు పట్టీ లాగేటప్పుడు కాలు గోడకు తన్నిపెట్టేవాడు. చీలమండలకు ఇసుక సంచులు కట్టుకుని కాళ్లెత్తే పోటీలో తన సంచిలో దూది కుక్కుకున్నాడు. చిట్టి అనుమానపడి సంచి విప్పించింది. ఆయన ఏమీ ఎరగనట్టు మొహం పెట్టాడు. ఆ కోపంతో ఆ పిల్ల మర్నాడు బరువు పెంచమని అడిగింది.

ఒకరోజు తల్లి ఉండబట్టలేకపోయింది. "దాన్ని ఒక్కసారి గెలవనిస్తే మీ సొమ్మేం పోతుంది సార్? ఇంట్లో మేమంతా ఓడిపోతాం, దాని సంతోషం కోసం."

ఆయన నేల చూపులు చూశాడు. జవాబు చిట్టి చెప్పింది.

"మీరు కావాలని ఓడిపోతారమ్మా. నాకు తెలుసు. సార్‌కి నేనంటే భయం. భయం లేకపోతే తొండెందుకు చేస్తారు?"

తన బిడ్డను చూసి జాలిపడనివాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడని తల్లికి అప్పుడు అర్థమైంది. అంతకాలం ఆయన్ని తిట్టుకున్నందుకు మనసు చివుక్కుమంది.

ఆయన చిట్టికి ఎదురు బెంచీ మీద కూర్చుని, "ఒకటి" అన్నాడు.

చిట్టి రెండు కోసం ఆగలేదు. పాదాలు వెనక్కి లాక్కుంది. ముక్కు మోకాళ్లు దాటేదాకా ముందుకు వంగింది. తొడలు గజగజ వణికాయి. తల్లి చేతులు వాటంతట అవే ముందుకు సాగాయి, బలవంతాన వెనక్కి తీసుకుంది. చిట్టి లేచింది. వాకర్ అందుకుంది.

ఆయన ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. "చూశారా అమ్మా, తొండి" అని ఫిర్యాదు చేశాడు.

"నేను చూస్తూనే ఉన్నాను సార్. మూడు అన్నాకే లేచింది" అంది తల్లి, కళ్లు తుడుచుకుంటూ.