సాక్ష్యం చెప్పాక మానిన మాత్ర

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోసుకుంటూ తిరిగాను. అది నేను చెప్పింది కూడా కాదు. నా కోసం మా ఆయన చెప్పారు. నేను దిద్దలేదు, అంతే. ఆ ‘అంతే’ నన్ను తినేస్తోంది. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నరసాపురం. ఆయన ఓ ఆఫీసులో గుమాస్తా. ఆదివారం మా చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. వానొచ్చినా వరదొచ్చినా వేళ తప్పేవారు కాదు. అలాంటి మనిషికి రక్త క్యాన్సర్ వచ్చింది. ఇది నెమ్మదిగా ముదిరే రకమని, కొత్తగా వచ్చిన మాత్ర రోజూ అన్నం తిన్నాక వేసుకుంటే అదుపులో ఉంటుందని, మానడం మాత్రం కుదరదని రాజమండ్రి డాక్టరు గారు చెప్పారు. మాత్ర పనిచేసింది. ఏడాది తిరిగేసరికి తెల్లకణాలు మామూలు స్థితికొచ్చాయి.

సంతోషం పట్టలేక చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను, దేవుడు నా భర్తను పూర్తిగా బాగుచేశాడని. మాత్ర సంగతి ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఎత్తితే సాక్ష్యం చిన్నబోతుందనిపించింది. అందరూ కళ్లు తుడుచుకుంటుంటే నాకు గర్వంగా కూడా ఉంది, అదీ చెప్పాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన మాత్ర చేతిలోకి తీసుకుంటే నేనే ఆపాను. అందరి ముందూ బాగైపోయిందని చెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగితే దేవుణ్ని నమ్మనట్టే కదా అన్నాను. ఆయన నా మొహం చూసి, మాత్ర మళ్లీ డబ్బాలో వేసేశారు. పాస్టరు గారిని అడిగి ఉంటే, మాత్రా దేవుడిచ్చిందేనని చీవాట్లు పెట్టేవారు. అందుకేనేమో అడగలేదు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. మాత్ర వల్ల వచ్చిన కళ్ల కింద వాపు పోయిందని మురిసిపోయాను. తర్వాత జ్వరాలు, కడుపులో ఎడమవైపు బరువు. భయపడి రాజమండ్రి తీసుకెళ్లాను.

“మధ్యలో మాత్రలేమైనా మానేశారా?” అని డాక్టరు గారు అడిగారు. నేను పాత చీటీలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

“అప్పుడప్పుడూ మరిచిపోయేవాణ్ణండి” అన్నారు మా ఆయన.

“చదువుకున్నవారు, ఇంత అజాగ్రత్తేంటండి?”

“తప్పేనండి” అన్నారు. నా వైపు చూడలేదు.

మాత్ర మళ్లీ మొదలుపెట్టారు, మోతాదు పెంచారు. జబ్బు లొంగలేదు. రక్తం బొంబాయి పంపిస్తే, ఆ మాత్రకు లొంగని రకంగా జబ్బు మారిపోయిందని తేలింది. వేరే మందు ఉందన్నారు. అది మాకు దొరికేసరికి ఆయనకు మింగే ఓపిక కూడా లేదు. మానకుండా వేసుకున్నా కొందరికి ఇలా అవుతుందని డాక్టరు గారు అన్నారు. ఆ మాట పట్టుకుని ఒడ్డెక్కాలని చూశాను. కుదరలేదు. మాన్పించకపోతే బతికేవారా? తెలియదు. ఆ తెలియకపోవడానికి కారణం మాత్రం నేనే.

వాడి మతిమరుపే వాణ్ని మింగేసిందని మా అత్తగారు పోయేదాకా ఏడ్చారు. ఆవిడ పక్కనే కూర్చుని నేనూ ఏడ్చాను, నోరు మాత్రం విప్పలేదు. ఇప్పుడు మా అమ్మాయి నా చేతిలో బీపీ మాత్ర పెడుతూ, “నాన్నలా మరిచిపోకమ్మా” అంటుంది. “అలాగేలే” అంటాను.

ఆయన ఒక్క పూటా మరిచిపోలేదు. నేను మాన్పించాను. అమ్మాయికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇన్నాళ్లకు ఆ మాట ఇక్కడ, మీ దగ్గర ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉంది.